తాళాల రిజిస్టరులో నా సంతకం

మా మ్యూజియంలో బొటనవేలంత మట్టిబొమ్మ ఒకటి ఉంది. తల లేదు, ఒక చెయ్యి లేదు. దాని అడుగున సన్నటి కుంచెతో తెల్లరంగులో రాసిన నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని రిజిస్టరు తెరిస్తే అది ఏ ఊళ్లో, ఏ తవ్వకంలో, ఏ ఏడాది దొరికిందో, ఏ బీరువాలో ఏ అరలో ఉండాలో అన్నీ వరసగా రాసి ఉంటాయి. నేను అదే మ్యూజియంలో 1999 ఆగస్టు నుంచి 2023 జూన్ దాకా పనిచేశాను. నేను ఎప్పుడు చేరానో చెప్పే కాయితం మాత్రం తమ దగ్గర ఒక్కటీ లేదన్నారు.

ఊరి పేరు, మ్యూజియం పేరు, మమ్మల్ని పనికి పెట్టిన కాంట్రాక్టు ఏజెన్సీల పేర్లు రాయను. గ్రాట్యుటీ (పని మానేసేటప్పుడు సర్వీసుని బట్టి ఒకేసారి ఇచ్చే సొమ్ము) కేసు ఇంకా నడుస్తోంది, పైగా అక్కడ ఇంకా పనిచేస్తున్న పిల్లలు ఉన్నారు. పీఎఫ్ పెన్షన్ ఎలా వచ్చింది, గ్రాట్యుటీ ఎంత దాకా వచ్చింది అని వాళ్లే ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరికీ ఒక్కొక్కళ్లకి చెప్పలేక ఇది రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్, లాయర్ని కాదు, నాకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

చేరినప్పుడు నేను ఎన్‌ఎమ్‌ఆర్. అంటే మస్టర్ రోల్ మీద రోజు కూలి. రోజుకి 45 రూపాయలు, శుక్రవారం మ్యూజియం సెలవు కాబట్టి శుక్రవారం కూలి లేదు. మొదట ఊడవడానికే తీసుకున్నారు, ఆర్నెల్లు తిరక్కుండా శిల్పాల గ్యాలరీలో అటెండరుగా కూర్చోబెట్టారు, కూలి మాత్రం అదే. పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్లి తాళానికి నిన్న సాయంత్రం వేసిన లక్క సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసి, తాళాల రిజిస్టరులో టైము వేసి సంతకం పెట్టి తలుపు తీయాలి. లోపల వస్తువులు లెక్క చూసుకోవాలి. సాయంత్రం మళ్లీ లెక్క, మళ్లీ తాళం, మళ్లీ సీలు, మళ్లీ సంతకం. మధ్యలో రోజంతా 'ముట్టుకోకు నాన్నా' అనడమే పని. నవంబరు నుంచి సంక్రాంతి దాకా స్కూలు ఎక్స్‌కర్షన్లు వస్తాయి చూడండి, ఆ నెలల్లో ఇంటికెళ్లాక కూడా నిద్రలో అదే మాట అనేదాన్నట, మా ఆయన నవ్వేవారు.

రాతి మీద దుమ్ము తడిగుడ్డతో తుడవకూడదు, మెత్తటి కుంచెతో పైనుంచి కిందకి దులపాలి. కంచు విగ్రహాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే చేతి చెమటకే మచ్చ పడుతుంది. ఇవన్నీ నాకు మా సీనియర్ అటెండర్ అన్న నేర్పాడు. ఆయన గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మా ఒక్క గ్యాలరీలోనే మూడు రకాల రిటైర్మెంట్లు ఉన్నాయి.

అన్న కూడా నాలాగే ఎన్‌ఎమ్‌ఆర్‌గానే వచ్చాడు, కాకపోతే 1986లో. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో 212 జీవో వచ్చింది, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ల సర్వీసు నిండినవాళ్లని రెగ్యులర్ చెయ్యమని. అన్న ఆ గీతకి ఇవతల ఉన్నాడు, రెగ్యులర్ అయ్యాడు. దాంతో పాత పెన్షన్, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకోవడం), ఆర్నెల్లకోసారి డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం), అన్నీ వచ్చాయి, ఆయన తర్వాత వదినకి ఫ్యామిలీ పెన్షన్ కూడా ఉంటుంది. రెండో ఆయన 2008లో పరీక్ష రాసి రెగ్యులర్‌గానే వచ్చాడు, కానీ 2004 సెప్టెంబరు తర్వాత చేరాడు కాబట్టి సీపీఎస్. నెలనెలా జీతంలోంచి పది శాతం కట్ అవుతుంది, చివర్లో అరవై శాతం దాకా చేతికిచ్చి మిగతాదానితో యాన్యుటీ (నెలనెలా డబ్బిచ్చే బీమా పథకం) కొనిపిస్తారు, నెలకి ఎంత వస్తుందో ఆ రోజు దాకా తెలీదు. మూడోది నేను. ముగ్గురం ఒకే స్టూళ్ల మీద కూర్చుని, ఒకే వీరగల్లుకి కాపలా కాశాం.

సరే, నా సంగతి. 2004లో ఎన్‌ఎమ్‌ఆర్ తీసేసి మా అందరినీ ఒక ఏజెన్సీ కిందకి మార్చారు. మార్చారు అంటే ఏమీ లేదు, ఒక రోజు పొద్దున ఎవరో వచ్చి ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, మర్నాటి నుంచి అదే గ్యాలరీ, అదే స్టూలు, అదే రిజిస్టరు. జీతం మాత్రం మ్యూజియం క్యాషియర్ దగ్గర కాకుండా ఏజెన్సీ సూపర్‌వైజర్ ఇచ్చేవాడు. పీఎఫ్ కట్ చేయడం మొదలుపెట్టింది 2007 ఏప్రిల్‌లో. 2012 ఏప్రిల్‌లో టెండరు ఇంకొకళ్లకి వెళ్లింది, వాళ్లు కొత్త పీఎఫ్ నంబరు తెరిచారు. 2017 ఏప్రిల్‌లో మూడోవాళ్లు వచ్చారు. ఏజెన్సీ మారినప్పుడల్లా 'పాతది ట్రాన్స్‌ఫర్ అయిపోతుందమ్మా' అనేవాళ్లు. నేను నమ్మాను. మాకు శుక్రవారం సెలవు, పీఎఫ్ ఆఫీసు శుక్రవారం తెరిచే ఉంటుంది, ఇన్నేళ్లలో ఒక్క శుక్రవారం బస్సెక్కి వెళ్లి అడిగి ఉంటే ఈ కథ సగానికి సగం తగ్గేది. శుక్రవారం తలంటు, బట్టలు ఉతుక్కోవడం, మినప్పప్పు నానబెట్టడం, అంతే.

2023 జూన్‌లో నాకు 58 నిండాయి. 60 దాకా ఉండొచ్చని సూపర్‌వైజర్ అంటూ వచ్చాడు గానీ జూలైలో ఒప్పందం రెన్యువల్ అయినప్పుడు 58 దాటినవాళ్ల పేర్లు కొత్త లిస్టులో లేవు. శాలువా కప్పారు, ఒక స్టీలు బిందె ఇచ్చారు, క్యూరేటర్ మేడమ్ నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. ఆవిడని నేనేమీ అనను. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి ఇంట్లో ఏం చెయ్యాలో తోచక గేటు తాళం రెండుసార్లు చూసొచ్చాను.

ముందు పీఎఫ్ చెబుతాను.

చాలామందికి తెలియనిది ఏంటంటే, మన జీతంలోంచి కట్ అయ్యే 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకే వెళ్తుంది, యజమాని కట్టే 12 శాతంలోంచి 8.33 శాతం మాత్రం విడిగా పెన్షన్ పథకంలోకి వెళ్తుంది. 1995లో వచ్చిన పథకం అది, ఈపీఎస్ అంటారు. పదేళ్ల సర్వీసు ఉంటే 58 నుంచి నెలనెలా పెన్షన్. లెక్క ఏమిటంటే పెన్షనుకి లెక్కించే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. ఆ జీతం అంటే చివరి 60 నెలల సగటు. కానీ 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి ఆ జీతం 6,500 దాటనివ్వరు, తర్వాత సర్వీసుకి 15,000 దాటనివ్వరు. నా సగటు 13,500 వచ్చింది. మా అమ్మాయి కాగితం మీద వేసి చూపించింది, 2007 నుంచి మొత్తం లెక్కలోకి వస్తే నెలకి 2,390 దాకా వస్తుంది, మొదటి ఏజెన్సీ అయిదేళ్లు పోతే 1,930 దగ్గర ఆగిపోతుంది. తేడా 460 రూపాయలే కదా అనిపిస్తుంది. మా ఇంట్లో అది గ్యాస్‌బండ ఖర్చులో సగం, నేను బతికినన్నాళ్లూ, నా తర్వాత మా ఆయనకి అందులో సగం.

మరి ఆ అయిదేళ్లు ఎక్కడ? యూఏఎన్ అనేది, అంటే ఎన్ని సంస్థలు మారినా మనిషికి ఒకటే ఉండే పీఎఫ్ నంబరు, 2014లో వచ్చింది. రెండో ఏజెన్సీ నంబరు, మూడో ఏజెన్సీ నంబరు దాని కింద కనిపిస్తున్నాయి. మొదటిది అంతకుముందే మూతపడ్డ ఖాతా, దానికీ నా యూఏఎన్‌కీ సంబంధమే లేదు. నంబరు కూడా నాకు గుర్తు లేదు. రెండు రోజులు ఇల్లంతా గాలించాం. చివరికి రేకు పెట్టెలో, మా అమ్మాయి చిన్నప్పటి పట్టులంగా మడతలో, 2009-10 పీఎఫ్ స్లిప్పు దొరికింది. ఆ స్లిప్పు ఎందుకు దాచానో నాకే తెలీదు. దాని మీద సంస్థ కోడు, నా ఖాతా నంబరు, ఆ ఏడాది జమ అన్నీ ఉన్నాయి. మీ దగ్గర అలాంటి చీటీ ఏదున్నా, సిరా వెలిసిపోయినా సరే, పారేయకండి, ఈరోజే ఫొటో తీసి పెట్టుకోండి.

స్లిప్పు దొరికితే అయిపోతుందనుకున్నాను. దాని మీద నా పేరుకి ముందు ఉన్న అక్షరం మా అత్తింటి ఇంటిపేరుది. స్కూలు సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా పేరు చివర వచ్చింది, దాని పక్కన మా ఆయన పేరు కూడా ఎందుకో దూరింది. కంప్యూటర్ లెక్కన వీళ్లు ముగ్గురు ఆడవాళ్లు. పుట్టిన తేదీ ఇంకా అన్యాయం. స్కూల్లో 1965 జూన్ 10. ఆధార్ తీసినతను నన్ను చూసి ఏ వయసు అనుకున్నాడో ఏమో, 1967 జనవరి 1 వేశాడు. మన ఊళ్లలో సగం మంది జనవరి ఒకటినే పుడతారు కదా. రెండో ఏజెన్సీ, మూడో ఏజెన్సీ ఆధార్ చూసి అదే ఎక్కించాయి. దాని ప్రకారం నాకు 58 ఇంకా నిండలేదు, మొదటి ఏజెన్సీ ప్రకారం నిండాయి.

కాబట్టి వరస ఇది. ముందు ఎస్సెస్సీ మెమో పట్టుకెళ్లి ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించుకున్నాను (ఇది ఒక్కసారికే అవకాశం, జాగ్రత్తగా చూసుకుని చేయించండి). తర్వాత పీఎఫ్‌లో పేరు, తేదీ మార్చడానికి జాయింట్ డిక్లరేషన్. దాని మీద మనం, యజమాని ఇద్దరం సంతకం పెట్టాలి. మూడో ఏజెన్సీ పెట్టింది, మూడు వారాలు తిప్పుకుని. మొదటి ఏజెన్సీ ఎప్పుడో మూసేసుకుంది, వాళ్ల ఆఫీసు ఉన్న చోట ఇప్పుడు కర్రీ పాయింట్ ఉంది. సంస్థే లేనప్పుడు గెజిటెడ్ ఆఫీసరు లాంటివాళ్లతో అటెస్ట్ చేయించి నేరుగా పీఎఫ్ ఆఫీసులో ఇవ్వొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. నెలలో 27వ తారీఖున జిల్లాల్లో వాళ్లే క్యాంపు పెడతారు, 'నిధి ఆప్కే నికట్' అని, అక్కడ ఒక కుర్ర ఆఫీసరు చెప్పాడు. అతను నా కాగితాలు నేల మీద పరుచుకుని వరసలో పెట్టి, 'అమ్మా, ముందు ట్రాన్స్‌ఫర్, తర్వాత పెన్షన్, తర్వాతే పీఎఫ్ డబ్బు, ఈ వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది' అన్నాడు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

ఆ వరసలోనే పెట్టినా ట్రాన్స్‌ఫర్ ఒకసారి తిరగ్గొట్టారు. కారణం, సర్వీసు ఓవర్‌ల్యాప్. మొదటి ఏజెన్సీ నేను 2012 ఏప్రిల్ 30న మానేసినట్టు రాసింది, రెండోది ఏప్రిల్ 1న చేరినట్టు రాసింది. అంటే ఒకే నెల నేను రెండు చోట్ల పనిచేశానట. అదే స్టూలు మీద! నేను ఇచ్చిన అర్జీకి మ్యూజియం నుంచి ఏజెన్సీ మారిన తేదీ చెప్పే ఉత్తరం జతచేస్తే అది సర్దారు. ఆ ఉత్తరం ఇచ్చేటప్పుడు మ్యూజియంలో ఎవరూ పెద్దగా ఆలోచించలేదు, తర్వాత గ్రాట్యుటీ కేసులో అది కూడా నాకు పనికొచ్చింది.

పెన్షన్ కోసం పెట్టే 10డి ఫారం, ఇద్దరం కలిసి దిగిన ఫొటో, బ్యాంకు పాస్‌బుక్కు, ఇవన్నీ పెట్టాక 2024 మేలో పీపీవో, అంటే పెన్షన్ మంజూరు ఉత్తర్వు, వచ్చింది. 58 నిండిన నాటి నుంచి బకాయితో సహా. నెలకి 2,390 చిల్లర. దీనికి డీఏ ఉండదు, పెరగదు, అదంతే. అన్నకి ఆర్నెల్లకోసారి పెరిగే డీఆర్ ముందు నా పెన్షన్ ఏపాటిది అని మా ఆయన ఒకసారి అన్నారు, అన్న విన్నాడు, ఇబ్బంది పడ్డాడు, ఆ మాట అనకుండా ఉండాల్సింది. 2013లో నాలుగు నెలల పీఎఫ్ మాత్రం పాస్‌బుక్కులో లేనే లేదు. జీతంలోంచి కోసుకున్నారు, కట్టలేదు. చట్టం ప్రకారం కాంట్రాక్టరు కట్టకపోతే అసలు యజమాని కట్టాలి, కానీ ఆ ఏజెన్సీ డిపాజిట్టు ఎప్పుడో వెనక్కిచ్చేశారు, నేను ఆ నాలుగు నెలల మీద మళ్లీ యుద్ధం చేసే ఓపిక లేక వదిలేశాను. పాస్‌బుక్కు నెలనెలా చూసుకోండి అని మాత్రం పిల్లలకి చెబుతున్నాను.

మధ్యలో ఒక మంచి కబురు. ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కట్టినవాళ్లు అయిదేళ్ల పైన కట్టి వయసు నిండి రిటైరైతే ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఈఎస్‌ఐ ఆస్పత్రి వైద్యం కొనసాగించుకోవచ్చు. 120, తప్పు అచ్చు కాదు. మా ఆయన షుగరు మందులు దాంతోనే నడుస్తున్నాయి. ఏజెన్సీవాళ్లు ఎవరూ చెప్పలేదు, డిస్పెన్సరీలో నర్సమ్మ చెప్పింది.

ఇక గ్రాట్యుటీ.

గ్రాట్యుటీ లెక్క సులువు. చివరి నెల మూలవేతనం, డీఏ కలిపి 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాదిది వస్తుంది. నాది 14,800, కాబట్టి ఏడాదికి 8,538 చిల్లర. ఏజెన్సీ 2017 నుంచి ఆరేళ్లు లెక్కేసి 51,231 రూపాయల చెక్కు రాసింది. నేను 1999 నుంచి లెక్కేసుకున్నాను, ఇరవై నాలుగేళ్లకి (ఆర్నెల్లు దాటిన చివరి ఏడాదిని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు) 2,04,923 అయింది. యూనియన్ ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన గుమాస్తా, ఆయన 'చెక్కు తీసుకో, కానీ రసీదు మీద మిగతా సర్వీసుకి నా హక్కు వదులుకోవడం లేదు అని నీ చేత్తో రాసి తీసుకో' అన్నారు. అలాగే రాశాను. సూపర్‌వైజర్ మొహం మాడ్చుకున్నాడు.

మిగతా పద్దెనిమిదేళ్ల కోసం మ్యూజియానికీ, ఏజెన్సీకీ ఇద్దరికీ గ్రాట్యుటీ అడిగే ఫారం-ఐ ఇచ్చాను, రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటుతో. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వరో చెప్పాలి. మ్యూజియం నుంచి సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. 'మీరు ఏనాడూ ఈ సంస్థ ఉద్యోగి కారు' అని. ఒకే వాక్యం. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు. డబ్బు లేదంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

పెద్దాయన మాత్రం ఆ ఉత్తరం చూసి సంతోషించారు. 'కాదన్నారుగా, ఇప్పుడు తొంభై రోజుల్లో ఫారం-ఎన్ వేద్దాం, కంట్రోలింగ్ అథారిటీ దగ్గర, అంటే గ్రాట్యుటీ తగాదాలు తేల్చే అధికారి దగ్గర. నువ్వు 1999లో ఉన్నావని రుజువేముంది?' అన్నారు. రుజువంటే, అందరికీ తెలుసు కదా అన్నాను. 'అందరికీ తెలిసింది కాగితం కాదమ్మా' అన్నారు.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి మస్టర్ రోళ్లు అడిగాను. నెల దాటినా జవాబు లేదు, అప్పీలు పెట్టాక వచ్చింది. మస్టర్ రోళ్లు గడువు తీరి ధ్వంసం చేశాం అని. సరే, అవి లేవు. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది, తాళాల రిజిస్టర్లు! అవి పారేయరు, పారేయలేరు. ఎప్పుడైనా ఒక వస్తువు కనపడకపోతే ఆ రోజు గ్యాలరీ ఎవరు తెరిచారు, ఎవరు మూశారు అన్నది చెప్పేది అదొక్కటే. పదేళ్ల తర్వాత తనిఖీలో బయటపడినా దాన్నే తిరగేస్తారు. స్టోరు రూములో ఎడమ పక్క గోడకి ఎర్ర బైండు పుస్తకాలు, వాటికి చెదలు పట్టకుండా నాఫ్తలీన్ ఉండలు పెట్టిందీ నేనే.

మళ్లీ పది రూపాయలు, మళ్లీ అర్జీ, ఈసారి రిజిస్టర్లు నేనే వచ్చి చూసుకుంటాను, కావలసిన పేజీలకి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వండి అని అడిగాను. అవి ఉన్నాయని వాళ్లకీ తెలుసు, లేవనలేరు. టిక్కెట్టు కొనుక్కోకుండా లోపలికి వెళ్లింది అదే ఆఖరు. స్టోరు ముందు బల్ల వేసి కూర్చోబెట్టారు, కొత్త అటెండరు పిల్ల ఒకతె నా పక్కన నిలబడింది, నేను పేజీలు చింపకుండా చూడడానికి. పాపం ఆ పిల్లకి నేను ఎవరో తెలీదు.

పేజీకి పదిహేను రోజులు. నా సంతకం తెలుగులో, పొడి అక్షరాలు రెండే, కింద గీత. 1999లో గీత పొడుగ్గా ఉండేది, పోను పోను పొట్టిదైంది. 2001లో అమ్మాయికి టైఫాయిడ్ వచ్చినప్పుడు తొమ్మిది రోజులు వేరే సంతకం ఉంది. 1999 ఆగస్టు నుంచి పీఎఫ్ మొదలైన 2007 మార్చి దాకా 92 నెలలు, 184 పేజీలు, పేజీకి రెండు రూపాయల చొప్పున 368 కట్టి నకళ్లు తెచ్చుకున్నాను. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉంటే ఆ ఏడాది విరామం లేని సర్వీసు కింద లెక్క. మా అమ్మాయి ఎక్సెల్‌లో ఎక్కించింది. అన్నిటికంటే తక్కువ పనిచేసిన ఏడాదిలో కూడా 271 వచ్చాయి.

విచారణ 2024 జనవరి నుంచి. వాయిదాలే వాయిదాలు, ఒకసారి అవతలి లాయరు రాడు, ఒకసారి ఆఫీసరు డెప్యుటేషన్. ఏజెన్సీ లాయరు 2017కి ముందుతో మాకు సంబంధం లేదన్నాడు. మ్యూజియం లాయరు రెండు మాటలన్నాడు. ఒకటి, ప్రభుత్వ సంస్థకి గ్రాట్యుటీ చట్టం వర్తించదని. దానికి పెద్దాయన చదివి వినిపించారు, చట్టంలో మినహాయింపు ఉన్నది వేరే గ్రాట్యుటీ నిబంధనల కింద ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకి, ఈమెకి ఏ నిబంధనల కిందా ఒక్క రూపాయి రాలేదు, మరి ఏ మినహాయింపు అని. రెండోది, సంతకాలున్నంత మాత్రాన ఉద్యోగి కాదు, ఎవరో సహాయానికి వచ్చి తాళాలు తీసి ఉండొచ్చు అని. ఎనిమిదేళ్లు సహాయానికి వచ్చానట!

నా దగ్గర ఇంకో కాగితం ఉంది. దాన్ని చూపించడానికి సిగ్గుపడి ఇంట్లోనే ఉంచుకున్నాను. మొదట్లో చెప్పిన మట్టిబొమ్మ లేదూ, 2002లో అది కనపడకుండా పోయింది. ఆ రోజు గ్యాలరీ మూసింది నేను. నాకు మెమో ఇచ్చారు, నా పేరు, కింద గ్యాలరీ అటెండెంట్ (ఎన్‌ఎమ్‌ఆర్) అని, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే పనిలోంచి తీసేసి పోలీసులకి అప్పగిస్తామని. అధికారి సంతకం, సీలు, తేదీ. నాలుగో రోజు బొమ్మ ఇంకో ట్రేలో దొరికింది, ఫొటో తీయడానికి బయటికి తీసినవాళ్లు వేరే ట్రేలో పెట్టారు. ఎవరూ సారీ చెప్పలేదు. ఆ మెమో నేను చించేయలేదు, ఎవరైనా మళ్లీ దొంగ అంటే చూపించడానికి దాచుకున్నాను.

పెద్దాయన అది చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాతి వాయిదాకి పెట్టారు. కంట్రోలింగ్ అథారిటీ మెమోని రెండుసార్లు చదివి మ్యూజియం లాయరు వైపు తిరిగి, 'ఈవిడ మీ మనిషి కాకపోతే పనిలోంచి తీసేస్తామని మెమో ఎలా ఇచ్చారండీ?' అన్నారు. అతను ఇన్‌స్ట్రక్షన్స్ తీసుకుని చెబుతానన్నాడు. నేను తల దించుకునే కూర్చున్నాను, కానీ నవ్వొచ్చింది.

2025 ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. ఏజెన్సీ ఇచ్చిన 51,231 పోను మిగతా 1,53,692 మ్యూజియం ఇవ్వాలి, ఇవ్వాల్సిన తేదీ నుంచి పది శాతం వడ్డీతో. ఏజెన్సీలు మారినా పని అదే, గ్యాలరీ అదే, సెలవులు ఇచ్చిందీ డ్యూటీ వేసిందీ మ్యూజియమే కాబట్టి సర్వీసు తెగలేదు అని రాశారు. మ్యూజియం అప్పీలుకి వెళ్లింది. అప్పీలు వెయ్యాలంటే ముందు ఆ సొమ్ము డిపాజిట్ చెయ్యాలి, చేశారు. అంటే డబ్బు ఎక్కడో ఒకచోట నా పేరు మీద కూర్చుని ఉంది, నా చేతికి రాలేదు.

పోయిన నెల క్యూరేటర్ మేడమ్ ఫోన్ చేశారు. తనిఖీ జరుగుతోందట, రిజర్వు స్టోరులో ఒక సీసపు నాణేల ట్రే లెక్కకి రావడం లేదు, పాత బీరువాలు మార్చినప్పుడు నువ్వున్నావు కదమ్మా, ఒక్కసారి వచ్చి చూస్తావా అని. అది ఎక్కడుందో ఫోన్లోనే చెప్పగలను, మెట్ల కింద మూడో బీరువా, పై అర వెనక. చెప్పలేదు. వస్తాను మేడమ్, కానీ నన్ను పిలుస్తున్నట్టు ఒక ఉత్తరం ఇవ్వండి, గతంలో నేను ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అక్కడ పనిచేశానో అందులో రాయండి అన్నాను. ఆవిడ కాసేపు ఆగి సరేనమ్మా అన్నారు. సాయంత్రం ఉత్తరం ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. తేదీలు ఉన్నాయి, సంతకం ఉంది, సీలు లేదు. సీలు వేసి పంపమని మెసేజ్ పెట్టాను.